అత్తా, మీ అమ్మాయిని లేపరూ!

డిసెంబరు 24, తెల్లవారుజామున నాలుగున్నర. మా ఇంట్లో ఆరుగురు నిద్రపోతున్నారు. హాల్లో వరసగా పరుపులు, ఒకరి దుప్పటి ఇంకొకరి మీద, గోడవారన సూట్‌కేసులు. దేవుడి గదిలోకి వెళ్ళాలంటే మనవడి కాళ్ళు దాటాలి. పిల్లల్ని దాటకూడదు కదా! వంగి వాడి కాళ్ళు నెమ్మదిగా ముడిచి, దారి చేసుకుని వెళ్ళి దీపం పెట్టాను. ధనుర్మాసం కదా, అప్పుడే మా వీధి చివర వేణుగోపాలస్వామి గుడి మైకులో తిరుప్పావై తొమ్మిదో పాశురం మొదలైంది.

"తూమణి మాడత్తు చుఱ్ఱుం విళక్కెరియ..."

ఈ నెలలో రోజుకొకటి చొప్పున పాడుకునే గోదాదేవి పాటలే, అంటే పాశురాలే, తిరుప్పావై. అది నాకు మా అత్తగారు నేర్పారు. ఆవిడకీ అరవం రాదు, నాకూ రాదు. తెలుగు లిపిలో అచ్చయిన చిన్న పుస్తకం, పసుపు మరకలతో, ఇప్పటికీ మా దేవుడి గూట్లోనే ఉంది. కోనసీమలో మా వైపు చాలా ఇళ్ళల్లో ఇంతే. గోదమ్మ పాడింది తమిళంలో, మనం చదువుకునేది తెలుగు అక్షరాల్లో, అమ్మ వింటూనే ఉంది. అర్థం ఒక్కో ముక్కే ఏళ్ళ మీద తెలిసింది. తొమ్మిదో పాశురం మాత్రం మొదటిసారి అర్థం విన్నప్పుడే నా మనసుకు హత్తుకుపోయింది, ఎందుకంటే అందులో ఒక తల్లి ఉంది.

మణులు పొదిగిన మేడ. చుట్టూ దీపాలు వెలుగుతున్నాయి, ధూపం గుబాళిస్తోంది, పరుపు మీద ఒక పిల్ల హాయిగా నిద్రపోతోంది. బయట స్నేహితురాళ్ళు చలిలో నిలబడి, "మామాన్ మగళే", మా మేనమామ కూతురా, తలుపు గడియ తియ్యవే అని పిలుస్తున్నారు. పలకదు. ఇక లాభం లేదని వాళ్ళమ్మను పిలుస్తారు. "మామీర్! అవళై ఎళుప్పీరో!" అత్తా, దాన్ని లేపవూ! మీ అమ్మాయి మూగదా, చెవిటిదా, బద్ధకమా, లేక ఎవరైనా మంత్రం వేసి పడుకోబెట్టారా?

చుట్టాలింటి గుమ్మంలో నిలబడి వరసలు కలుపుతూ వేళాకోళం చేసే ఆడపిల్లల గొంతు అచ్చం ఇలాగే ఉంటుంది. గోదమ్మ తన ఊరు శ్రీవిల్లిపుత్తూరును గోకులంగా, తనను గొల్లపిల్లగా భావించుకుని పాడిందంటారు. గొల్లపల్లె పిల్లల మాటతీరు ఎంత బాగా పట్టుకుందో చూడండి! తర్వాతి పాశురంలో ఇంకో అమ్మాయినైతే, కుంభకర్ణుడు నీకు ఓడిపోయి తన నిద్రంతా నీకే ఇచ్చి పోయాడా అని అడుగుతారు. ఆ మాట మా మనవడి కోసమే రాసినట్టుంటుంది.

నేను ఎప్పుడూ ఆగేది ఆ తల్లి దగ్గర. పాశురంలో ఆవిడ బదులు చెప్పదు. పిల్లలు పిలిచారు, పాట ముందుకు వెళ్ళిపోయింది. ఆ అత్త ఏమని ఉంటుంది? మా పెద్దమ్మాయి పిల్లలతో వచ్చిన ఈ సెలవుల్లో నాకు ఆ జవాబు దొరికింది.

వాళ్ళు డాలస్ నుంచి 20న దిగారు. వచ్చిన కొత్తలో పిల్లలకు పగలూ రాత్రీ తారుమారు. ఐదేళ్ళ మనవరాలికి రోజూ మూడింటికల్లా మెలకువ. చీకట్లో దుప్పటి ఈడ్చుకుంటూ వచ్చి, "అమ్మమ్మా, ఆకలి" అంటుంది. నెయ్యి తినం, పాలు తాగం అని రెండో పాశురంలోనే గోపికలు తమ వ్రతానికి నియమం పెట్టుకున్నారు. అది పెద్దవాళ్ళకి. దానికి వేడి పాలు ఇచ్చి, శాలువా కప్పి, వీధి గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టి నేను ముగ్గు వేసుకునేదాన్ని. మంచులో వీధి దీపం తప్ప ఏమీ కనిపించదు. గొబ్బెమ్మలు పెడుతుంటే మొదటి రోజు ముక్కు మూసుకుంది. రెండో రోజు గుమ్మడి పువ్వు తనే గుచ్చింది. మూడో రోజుకి, నా గొబ్బెమ్మ ఏదీ అని అడిగింది. ఇంటిల్లిపాదిలో బ్రాహ్మీ ముహూర్తాన నాకు తోడు ఆ పిల్లే.

ఏడో పాశురం రోజున ఇంకో తమాషా జరిగింది. అందులో తెల్లవారిందనడానికి గుర్తుగా పిట్టలు "కీశు కీశు" అని మాట్లాడుకుంటాయి. మైకులో ఆ మాట వినపడగానే మనవరాలు పకపకా నవ్వింది. ముప్పై పాశురాల్లో దానికి అర్థమైన మొదటి మాట. ఇంక చూడండి, లోపలికి పరుగెత్తి ఒక్కొక్కరి చెవి దగ్గరా "కీశు కీశు, కీశు కీశు!" అల్లుడుగారు ఉలిక్కిపడి లేచారు. మా అబ్బాయి దిండు నెత్తిన పెట్టుకున్నాడు. మా ఆడపడుచు దాన్ని పక్కలోకి లాక్కుని, "ఇంకోసారి అనవే" అంటూ మురిసిపోయింది. ఆ రోజు ఐదున్నరకి గుళ్ళో మేం ఏడుగురం ఉన్నాం. నేను ఒక్కదాన్నీ ఎన్ని ఏళ్ళు పిలిచినా రాని బలగం!

తొమ్మిదో రోజు మాత్రం అది వాళ్ళమ్మ పక్కన గొంతుక్కూర్చుని నాకేసి చూసి, గుసగుసగా అడిగింది. "అమ్మమ్మా, అమ్మని లేపనా?"

బయట మైకులో అదే క్షణాన "మామీర్" అనే మాట వచ్చింది. నాకు ఒళ్ళు జలదరించింది.

మా అమ్మాయి నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది, పదేళ్ళప్పుడు ఎలా పడుకునేదో అలాగే. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా తమ్ముడితో కబుర్లు. అంతకుముందు ఒక రోజు పైగా విమానాల్లో పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఏడాదిలో నేను దాని నిద్రను కళ్ళారా చూసేది ఈ రెండు వారాలే. "ఒక్క పది నిమిషాలు ఆగమ్మా" అన్నాను.

ఆ అత్త కూడా ఇదే అని ఉంటుంది. లేకపోతే ఆ గదిలో దీపాలు ఎవరు పెట్టారు? ధూపం ఎవరు వేశారు? పిల్ల పడుకునే ఉంది కదా. తల్లి లేచి, స్నానం చేసి, దీపాలన్నీ వెలిగించి, సాంబ్రాణి వేసి, ఇంతా చేసి కూతుర్ని మాత్రం కదపలేదు. నిద్రపోతోంది అనడానికి గోదమ్మ వాడిన మాట "కణ్ వళరుం". కళ్ళు పెరుగుతున్నాయట. ఆ మాట మాట్లాడుతున్నది తల్లి చూపే అనిపిస్తుంది నాకు. వ్రతం వేళ మించిపోతోందని ఆవిడకు తెలుసు, పిల్ల అలసటా తెలుసు. ఆ రెంటి మధ్య తల్లి ఆగే ఆ పది నిమిషాలను గోదమ్మ చూసిందని నా నమ్మకం. ఆ అమ్మాయి నిద్ర బద్ధకం కాదని, స్వామే వచ్చి చూసుకుంటాడన్న నిశ్చింత అని పెద్దలు చెబుతారు. పుట్టింట్లో ఆడపిల్ల నిద్రా అలాంటిదే. పొయ్యి మీద పాలు పొంగుతాయేమో, పిల్లలకి బస్సు తప్పుతుందేమో అన్న దిగులు లేని నిద్ర.

పది నిమిషాలయ్యాక లేపాం. కీశు కీశు అంటూనే.

తిరుప్పావై మొత్తం ముప్పై పాశురాలైతే, ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాలు కేవలం స్నేహితురాళ్ళను నిద్ర లేపడానికే. మూడో వంతు! స్వామిని చూడాలన్న తపనతో కాగిపోతున్న గోదమ్మ, లేచినవాళ్ళతో వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళదు. ప్రతి గడపా ఎక్కుతుంది, ప్రతి తలుపూ కొడుతుంది, మాటలు పడుతుంది, బతిమాలుతుంది. తీరా నందగోపుడి ఇంటికి చేరాక పదిహేడో పాశురంలో అక్కడా అంతే. ముందు నందగోపుణ్ణి లేపి, యశోదమ్మను లేపి, అప్పుడు కృష్ణుణ్ణి, ఆయనతోపాటు బలరాముణ్ణీ లేపుతారు. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావే వినిపిస్తారు. గొల్లపిల్లల్ని లేపిన పాటతోనే ఆ స్వామీ మేలుకుంటాడు. పండగ రోజుల్లో ఇంటి నిండా జనం, పూజకి కుదరడం లేదని నేనూ ఒకప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు ఒక్కొక్కరినీ లేపడం, నీళ్ళు తోడడం, కాఫీలు ఇవ్వడం అన్నీ ఆ పది పాశురాల్లోవే అనుకుంటాను. మనస్ఫూర్తిగానే అనుకుంటాను.

రెండో పాశురంలో ఇంకో నియమం ఉంది. "తీక్కుఱళై శెన్ఱోదోం", చాడీలు చెప్పం. నెయ్యీ పాలూ మానడం తేలిక, ఇది కష్టం. ముఖ్యంగా అరిసెలు వండే రోజున. సూట్‌కేసుల్లో పెట్టి పంపాలి కాబట్టి సంక్రాంతి దాకా ఆగకుండా 28నే మొదలుపెట్టాం. తడి పిండి జల్లించడం నేను, పాకం మా ఆడపడుచు, వత్తడం కోడలు. నలుగురు ఆడవాళ్ళు పొయ్యి చుట్టూ కూర్చుంటే బంధువుల పెళ్ళి కబుర్లు ఎక్కడెక్కడికో పోతాయి. మా అత్తగారి మాట ఒకటుంది, "పాకం దగ్గర పరాయి మాట వద్దు." మాటల్లో పడితే పాకం ముదురుతుంది, అరిసె గట్టిపడుతుంది. అది వంట సూత్రమో వ్రత నియమమో నేను ఎప్పుడూ విడదీసి చూడలేదు. ఆ రోజు పెద్దమ్మాయి ఆ మాట గుర్తు చెయ్యగానే మా ఆడపడుచు నవ్వి పాట అందుకుంది. అరిసెలు మెత్తగా వచ్చాయి.

డిసెంబరు 30, పదిహేనో పాశురం. "ఎల్లే! ఇళంకిళియే!" ఓసి చిలకా, ఇంకా నిద్రేనా అని బయటివాళ్ళు. అలా అరవకండి, వస్తున్నా అని లోపలి పిల్ల. నీ మాటకారితనం మాకు తెలుసులే అని వీళ్ళు. మాటకారులు మీరే అని ఆ పిల్ల. అంతలోనే మెత్తబడి, "నానే తానాయిడుగ", పోనీ నేనే అనుకోండి అంటుంది. తప్పు తనది కాకపోయినా తన మీద వేసుకుంటుంది. తిరుప్పావైలో తిరుప్పావై అని ఈ పాశురాన్ని పెద్దలు కొనియాడేది ఆ ఒక్క మాటకే. రాముడి వనవాసానికి కైకనీ మంథరనూ అనకుండా నా పాపమే కారణం అన్న భరతుణ్ణి ఇక్కడ తలుచుకుంటారు.

ఆ పొద్దున మా ఇంట్లో గీజరు గొడవ. అందరూ గుడికి తయారవ్వాలి, నీళ్ళు చన్నీళ్ళు. నువ్వు ఆపావంటే నువ్వు ఆపావని అక్కాతమ్ముళ్ళిద్దరూ గొంతులు పెంచారు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. కోడలు వంటింట్లోంచి వచ్చి, "నేనే ఆపాననుకోండి వదినా, పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి, ముందు మీరు పోసుకోండి" అంది. తను ఆపలేదు. ఫ్యూజు పోయిందని తర్వాత తెలిసింది. నాకు మటుకు ఆ పాశురానికి అంతకన్నా మంచి వ్యాఖ్యానం ఎక్కడా దొరకలేదు.

అదే పాశురం చివర లోపలి పిల్ల అడుగుతుంది, "ఎల్లారుం పోందారో?" అందరూ వచ్చారా? "పోందార్, పోందు ఎణ్ణిక్కొళ్." వచ్చారు, నువ్వే వచ్చి లెక్కపెట్టుకో. నేను ఆ రోజు తొమ్మిది విస్తళ్ళు వేసి, రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మనవరాలు నా వెనకే తిరుగుతూ తనూ లెక్కపెట్టింది, తెలుగులో, ఏడు దగ్గర కొంచెం తడబడి.

జనవరి 4న వాళ్ళు బయల్దేరారు. మర్నాడు తెల్లవారుజామున మూడింటికి నాకే మెలకువ వచ్చింది. ముగ్గు దగ్గర పీట అలాగే వేసి ఉంచాను.

ఇరవై ఏడో పాశురం, కూడారై, జనవరి 11న. నెయ్యి తినం, పాలు తాగం అని మొదలుపెట్టిన పిల్లలు వ్రతం పండాక ఇప్పుడు గాజులు, కమ్మలు, కొత్త చీరలు అన్నీ అడుగుతారు. అడిగి, పాలతో వండిన అన్నం మునిగేలా నెయ్యి పోసి, అది మోచేతి దాకా కారుతుంటే, "కూడి ఇరుందు కుళిర్ందు", అందరం కూడి ఉండి చల్లబడాలి అంటారు. "కూడి" అనే మాట దగ్గర తమిళమూ తెలుగూ ఒకటైపోతాయి, అర్థం చెప్పాల్సిన పనే లేదు. నెయ్యి అడిగినా, పట్టు బట్టలు అడిగినా, చివరికి గోదమ్మ కోరింది కలిసి కూర్చోవడమే.

ఇంట్లో ఆ రోజు మేమిద్దరమే. అబ్బాయీ కోడలూ భోగికి వస్తారు, గుళ్ళో గోదా కల్యాణం వేళకి. గ్లాసుడు బియ్యం, గుప్పెడు పెసరపప్పు పాలలో మెత్తగా ఉడికించి, దించాక బెల్లం పాకం కలిపి, నెయ్యి ధారగా పోశాను. నైవేద్యం పెట్టి ఐదున్నరకి ఫోన్ చేశాను. అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరు. మా అమ్మాయీ క్షీరాన్నం వండింది. తెర మీద నలుగురూ నేల మీదే కూర్చుని ఉన్నారు, వరసగా.

"ఎల్లారుం పోందారో?" అన్నాను.

మనవరాలు వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. అక్కడ నలుగురు, ఇక్కడ మేమిద్దరం, "మావయ్యా అత్తా బెంగళూరులో, అమ్మమ్మా, వాళ్ళని కూడా వేసుకో" అంది. వేసుకున్నాను. పక్క ఊళ్ళో ఉన్న మా ఆడపడుచునీ వేసుకున్నాను. తొమ్మిది.

తర్వాత అది చెయ్యి ఎత్తి తెర దగ్గరగా పెట్టింది. వేళ్ళ మధ్య నుంచి నెయ్యి కారుతోంది. "మణికట్టు దాకే వచ్చింది అమ్మమ్మా! అమ్మకి చెప్పు, ఇంకా పొయ్యమని."