ఈ కొక్కెం ఎవరు పెట్టారు?

"ఈ కొక్కెం ఎవరు పెట్టారు?"

తెల్లారకముందే లాయంలో మా మేనేజరు గొంతు అంతలా లేచిందంటే ఎవరికో మూడిందన్నమాట. ఆ రోజు నాకే. "నేనే మేడం" అన్నాను, కాస్త గర్వంగానే. గుర్రాన్ని పట్టుకెళ్లే తాడు కొసన ఉండి, దాని తలకి వేసే పట్టీకి, అంటే హాల్టరుకి, తగిలించే కొక్కెం అది. పాతదాంట్లో ఇసుక చేరి మీట కదలడం మానేసింది. మూలనున్న డబ్బాలో పసుప్పచ్చగా మెరుస్తూ కొత్తది కనబడితే, డ్యూటీ అయ్యాక కూర్చుని నా చేత్తో మార్చాను. ఎవరూ చెప్పకుండా చేసిన పని కదా, మెచ్చుకుంటారనుకున్నాను.

ఆవిడ గోడకి వేలాడుతున్న ఆకురాయి తీసి కొక్కెం వీపు మీద నాలుగుసార్లు రుద్దింది. పసుపు పోయింది. కింద బూడిదరంగు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "ఇది గుర్రానికి కాదు, తాళంచెవులకి" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. తిట్టు తిని మర్చిపోవచ్చు. అందరిముందూ అరచేతిలో పెట్టిన ఆ ముక్కని ఏం చేయాలో తెలియక సాయంత్రం దాకా జేబులో మోశాను.

చదివేవాళ్లకి ఇది చిన్న విషయమే. నాకు మాత్రం వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఊహ తెలిసినప్పటినుంచి పశువుల మధ్య తిరిగినవాణ్ణి. మా నాన్న కట్టిన పలుపు తెంచుకుపోయిన ఎద్దుని నేను చూడలేదు. తాడు పేనడం, తలుగు వేయడం, చీకట్లో చేత్తో తడిమి ముడి సరిగ్గా పడిందో లేదో చెప్పడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అలాంటి నాకు తాళంచెవుల మాటా? అసలు మన పలుపుకి కొక్కెమే లేదే! తాడు, ముడి, మనిషి చెయ్యి, అంతే. ఈ ఇనుమూ ఇత్తడీ స్ప్రింగుల గొడవంతా ఈ లాయం వాళ్లు తెచ్చిపెట్టుకున్నదే కదా అని మంచం మీద పడుకుని వాదించుకునేవాణ్ణి. పైకి అనే ధైర్యం లేదు, అది వేరే సంగతి.

న్యాయంగా ఆలోచిస్తే కొక్కెం ఎందుకొచ్చిందో తెలుస్తూనే ఉంది. ఎద్దుని పొద్దున విప్పుతాం, సాయంత్రం కడతాం. ఇక్కడ ఒక్కో గుర్రాన్ని స్నానానికి, నడకకి, నాడాలు కొట్టేవాడి దగ్గరికి, డాక్టరు దగ్గరికి తిప్పుతూ రోజుకి పదిసార్లు హాల్టరుకి తగిలించి పదిసార్లు తీస్తాం. అదీ ఒక చేతిలో బకెట్టుతో, గ్లవుజులు వేసుకుని. ప్రతిసారీ ముడి వేస్తూ కూర్చుంటే గుర్రానికే విసుగొస్తుంది.

సరే, ఆ బూడిదరంగు సంగతి. అది జింకు మిశ్రమం, మన పెద్దవాళ్లు తుత్తునాగం అనేవాళ్లే, దాంతో చేసింది. కరిగించి అచ్చులోకి ఒత్తిడితో నెట్టి గుట్టలుగుట్టలుగా తీస్తారు, పైన ఇత్తడి రంగో నికెల్ మెరుపో పూస్తారు. చూడ్డానికి ఇత్తడికీ దానికీ తేడా ఉండదు. నాకిచ్చిన దాన్ని కసికొద్దీ వైసులో బిగించి సుత్తితో కొట్టాను. పుటుక్కుమంది. విరిగినచోట పలుగురాయి పగిలినట్టు గింజలు గింజలుగా ఉంది. మీట పట్టేసిన పాతది, అసలైన ఇత్తడిది, దాన్నీ అలాగే కొట్టాను. వంగింది. ఇంకా కొట్టాను. ఇంకా వంగింది. వంగిన కొక్కెం కంటికి కనబడుతుంది, తీసి పారేస్తాం. జింకుది ఆ అవకాశం ఇవ్వదు, నిన్నటిదాకా ఎలా ఉందో విరిగే క్షణందాకా అలాగే ఉంటుంది.

ఇక అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టింది. ఒక అయస్కాంతం సంపాదించి లాయంలోని కొక్కేలన్నిటికీ పెట్టుకుంటూ పోయాను. అంటుకున్నవి ఇనుము మీద పూత వేసినవి, అంతవరకూ నిజమే. అంటుకోనివన్నీ ఇత్తడే అనుకుని చంకలు గుద్దుకున్నాను. జింకుకీ అయస్కాంతం అంటుకోదని, చాలా రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంతేనని తర్వాత తెలిసింది. దానికంటే చేతుల్లో తూచి చూసుకోవడం నయం. ఇత్తడి ఘన సెంటీమీటరుకి దాదాపు 8.5 గ్రాములు, జింకు మిశ్రమం 6.6 దరిదాపు. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకుంటే మణికట్టుకి తెలిసిపోతుంది. అనుమానం తీరకపోతే ఆకురాయి ఉండనే ఉంది.

ఈ వెతుకులాటలోనే ఫోనులో ఒక పాత సంగతి చదివి ఎగిరి గంతేశాను. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలమంతా సైన్యం తూటాలు గుర్రపుశాలల్లో దాచేవారట. తీసి చూస్తే ఇత్తడి గొట్టాలు నిలువునా పగిలి ఉండేవి. ఎందుకో చాన్నాళ్లు అంతుపట్టలేదు. చివరికి 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు: గుర్రాల మూత్రం నుంచి లేచే అమోనియా, గొట్టాల్లో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి చేసిన పని అది. దానికి సీజన్ క్రాకింగ్ అన్న పేరు పడింది. ఇంకేం, గుర్రపుశాలలో ఇత్తడే పగులుతుందని సాక్ష్యం దొరికిందిగా! మధ్యాహ్నం ఆవిడ ఖాళీగా ఉన్న సమయం చూసి నాకొచ్చిన భాషలో చెప్పాను. పూర్తిగా వింది. నవ్వింది కూడా. "ఆ గొట్టాలు పల్చటి రేకు, చల్లగా ఉండగానే సాగదీసి చేసినవి, అందుకే లోపల బిగువు మిగిలిపోయింది. ఇది మందంగా పోతపోసింది. అయినా పడకలు శుభ్రం చేస్తే అమోనియా ఎక్కడిది?" అంది. అంటే నా పని కూడా సరిగ్గా లేదని కలిపి చెప్పింది. కేసు ఓడిపోయాను, పైగా పార పట్టుకోవాల్సొచ్చింది.

అసలు జరగాల్సింది ఆ తర్వాత జరిగింది.

ఇంకా మనుషులకి పూర్తిగా అలవాటు పడని ఒక కుర్ర గుర్రం ఉంది మా దగ్గర. దాన్ని గోడకి కట్టాను. గోడకి బలమైన ఇనుప రింగు ఉంది. కానీ ఆవిడ ఆ రింగుకి పురికొసని ఉచ్చులా కట్టి, తాడు దానికే కట్టాలని రూలు పెట్టింది. గట్టి రింగు ఉండగా మధ్యలో ఈ పురికొస ఎందుకని ముందురోజే నవ్వుకున్నాను, తీసేద్దామని కూడా అనుకున్నాను. ముడి మాత్రం నేర్పినట్టే, తోక, అంటే వేలాడే తాడు కొన, లాగితే విడిపోయేదే వేశాను. తోక వదిలేస్తే గుర్రం నోటితో లాగేసుకుంటుందని దాన్ని ఉచ్చులోకి దూర్చి నా తెలివి నేను చూపించాను.

వెనక ఏదో కింద పడిన చప్పుడు. గుర్రం ఒక్కసారి వెనక్కి జరిగింది. మెడ వెనక పట్టీ బిగిసేసరికి ఇంకా వెనక్కి లాగింది. ఎద్దు లాగి చూసి ఆగుతుంది. గుర్రం అలా కాదు, పట్టు తగిలిందంటే ప్రాణం మీదికొచ్చిందనుకుంటుంది. 500 కిలోల జంతువు వెనక కాళ్ల మీద కూర్చున్నట్టు లాగుతోంది. నేను తల దగ్గరికి పరిగెత్తి కొక్కెం మీట మీద బొటనవేలు పెట్టి నొక్కాను. రాదు. మీట జరిపి తెరిచే కొక్కెం, దాన్నే బోల్ట్ స్నాప్ అంటారు, తాడు వదులుగా ఉంటేనే తెరుచుకుంటుంది. బిగువులో ఉన్నప్పుడు హాల్టరు రింగు కొక్కెం వంపులో బిగిసి కూర్చుంటుంది, ఊడి రాదు. నా గోరు లేచిందిగానీ అది కదల్లేదు. "గోడ దగ్గరికి! గోడ దగ్గరికి!" అని ఆవిడ అరుస్తోంది. గోడ దగ్గర ఏముంది, నేను దూర్చిపెట్టిన తోక, ఇక లాగినా ముడి విడిపోదు! అటు తిరిగేలోపే పురికొస టప్పున తెగింది. గుర్రం తూలి, నిలదొక్కుకుని, నాలుగు బారల దూరంలో తాడు ఈడ్చుకుంటూ ఆగిపోయింది. ఆవిడ తొందరపడకుండా పక్కనుంచి వెళ్లి తాడు అందుకుంది.

ఆ రోజు ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త పురికొస కట్టింది, తాడు నా చేతికిచ్చింది, "ఇప్పుడు నువ్వు కట్టు" అంది. గోరు నల్లబడిన వేలితో కట్టాను. పక్కనే నిలబడి చూసింది, అంతే.

నాకు తెగనిది ఇక్కడే. మనకి కట్టడమంటే తెగకుండా ఉండడం. పలుపు తెగిందంటే పక్కవాళ్ల చేలో పడినట్టే, తెల్లారేసరికి మాట వచ్చినట్టే. ఎద్దుని కట్టే మనిషి పనితనం అంతా అది కదలకుండా ఉండడంలోనే ఉంది. ఇక్కడ కట్టడమంటే ఎక్కడ తెగాలో ముందే చూసుకోవడం. ఇది పిరికితనంలా అనిపించింది నాకు మొదట్లో. మీ చేతి ముడి మీద మీకే నమ్మకం లేదా అనిపించింది. అయితే మా నాన్న ముడి తెగకపోవడానికి నాన్న చెయ్యి ఎంత కారణమో, ఆ ఎద్దు నెమ్మదితనం కూడా అంతే కారణమేమో. ఇది ఒప్పుకోవడం నాకిష్టం లేదు, అయినా రాస్తున్నాను.

ఇంకో ప్రశ్న కూడా ఉండిపోయింది. ఎలాగూ తెగాలనే కదా, అలాంటప్పుడు విరిగే జింకు కొక్కెం పెడితే తప్పేమిటి? అడిగాను. ఆవిడ మాటలతో చెప్పలేదు, నైలాను తాడు ఒకదాని కొన నా చేతికిచ్చి రెండో కొన తను లాగింది. సాగింది. సగం సాగాక వదిలేసింది. తాడు కొన సర్రున వచ్చి నా మోచేతికి తగిలింది. దానికి కొక్కెం ముక్క ఉండి ఉంటే ఎక్కడ తగిలేదో నేనే ఊహించుకున్నాను. జింకుది ఎప్పుడు విరుగుతుందో తెలియదు, విరిగేది గుర్రం కన్ను పక్కన, మన ముఖం ముందర. పురికొస అయితే గోడ దగ్గర తెగుతుంది, ఎగిరే లోహం ఉండదు. పైగా గుర్రాన్ని నడిపించేటప్పుడు గోడా ఉండదు, పురికొసా ఉండదు. దానికీ మనకీ మధ్య ఉన్నది ఆ కొక్కెం ఒక్కటే. రోడ్డు పక్కన అది విరిగితే చేతిలో ఉత్త తాడు మిగులుతుంది. కాబట్టి కొక్కెం తెగకూడదు, కట్టిన చోటు తెగాలి. ఆ పురికొస కూడా గడ్డిమోపులకి వాడే ప్లాస్టిక్‌ది కాకూడదు, అది ఓ పట్టాన తెగదు. నారతో చేసినది, అవసరమైతే ఒక పురి తీసేసి పల్చన చేసినది కావాలి.

లాగితే బిగువులోనూ తెరుచుకునే కొక్కేలున్నాయి, పానిక్ స్నాప్ అంటారు, పైనున్న గొట్టం జరిపితే నోరు ఊడిపోతుంది. ఆవిడ వాటిని గోడ వైపే పెట్టిస్తుంది, భయపడ్డ గుర్రం తల దగ్గరికి ఎవరూ వెళ్లక్కర్లేకుండా. నడిపించే తాడుకి మాత్రం పెట్టనివ్వదు. దేనికో తగిలి గొట్టం జరిగితే దానంతటదే ఊడుతుంది, ఇసుక చేరితే కావాల్సినప్పుడు జరగదు. కారబైనర్లలా నోరు లోపలికి తెరుచుకునేవి లాయంలోనే ఉండకూడదంటుంది. గుర్రం మూతి రుద్దుకుంటే పెదవో కనురెప్పో అందులో ఇరుక్కుంటుంది.

ఇప్పుడు నా చేతికి అలవాటైపోయింది. తాడు తీసుకోగానే మీట లాగి వదిలి చప్పుడు వింటాను. కొక్కెం ఒళ్లు ఇత్తడిదైనా కంచుదైనా లోపలి స్ప్రింగు ఇనుముదై ఉండొచ్చు, ముందు తుప్పు పట్టేది అదే. తిరిగే మెడ దగ్గర కొట్టిన రివిట్టు అరిగిందేమో చూస్తాను, ఎక్కువ అరిగేది అక్కడే. తాడుని కొక్కేనికి రేకు క్లిప్పుతో బిగించినవైతే పక్కన పడేస్తాను. పురులు విప్పి తిరిగి తాడులోకే అల్లి కలిపినవి మేలు. ఈ అల్లిక మాత్రం లాయంలో అందరికంటే నాదే బాగుంటుంది, ఆవిడే రెండు తాళ్లు తెచ్చి అల్లమని ఇచ్చింది. కొక్కెం తగిలించేటప్పుడు మీట గుర్రం దవడకి గుచ్చుకోకుండా బయటివైపు పెడతాను. తాడు చేతికి చుట్టుకోను, మడతలుగా పట్టుకుంటాను. ఈ చివరిది మాత్రం నాన్న చిన్నప్పుడే వీపు మీద ఒకటిచ్చి నేర్పాడు.

మొన్న వీడియో కాల్‌లో నాన్నకి కంచు కొక్కెం చూపించాను.

"బరువుందేంట్రా?"

"ఉంది నాన్నా. జింకుదైతే ఇంత ఉండదు."

"ముడి చూపించు."

కట్టి చూపించాను. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "తోక లాగితే ఊడొచ్చేలా ఉందే!"

"ఊడి రావాలనే నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి రాత్రి దొంగ వచ్చి లాగితే?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కునేలోపు ఫోను అమ్మ చేతికి వెళ్లిపోయింది.