తేలికైన తుపాకీ తక్కువ తంతుందా?

"ఆడమనిషివి, తేలికైన రివాల్వర్ తీసుకో, భుజం నొప్పి ఉండదు." ఈ మాట నాకు బంధువులు చెప్పారు, చిత్తూరులో తెలిసినవాళ్లు చెప్పారు, తుపాకులు అమ్మే దుకాణంలోనూ చెప్పారు. ఆ మాటలో నిజం సగమే. మిగతా సగాన్ని నమ్మి లక్షకు పైగా పెట్టి కొని, ఒక్కసారి కాల్చి, బీరువాలో పెట్టి మళ్లీ ముట్టనివాళ్లు నాకు తెలుసు. అందుకే రాస్తున్నా.

మాది బంగారుపాళ్యం దగ్గర మామిడితోపు. తోపులోనే ఇల్లు. ఉండేది నేనూ, అమ్మా. తోతాపురి కోతల కాలంలో కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు ఇంట్లో ఉంటుంది, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. నాయన పోయాక ఆయన పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌ను (గుండ్లు చిమ్మే రెండు గొట్టాల పొడుగు తుపాకీని) స్టేషన్లో అప్పగించి, వారసురాలిగా నా పేరున లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నాను. 2016 ఆయుధ నిబంధనల్లో వారసులకు ఈ దారి ఉంది. లైసెన్సుదారు బతికి ఉన్నా సరే, 70 ఏళ్లు నిండితేనో, 25 ఏళ్లుగా ఆ తుపాకీ ఆయన దగ్గరే ఉంటేనో వారసులు అడగొచ్చు. అది ఉంచుకోవాలా, అమ్మేసి చిన్న రివాల్వర్ తీసుకోవాలా అన్నదే నాకు వచ్చిన ప్రశ్న. నాది చిన్న ఒళ్లు. కుడి బొటనవేలి కీలు పట్టేస్తూ ఉంటుంది. కాబట్టి పేలినప్పుడు తుపాకీ వెనక్కి ఎంత తంతుందన్నది నాకు చిన్న విషయం కాదు.

తూటా ముందుకు పోయే ఊపు ఎంతో, తుపాకీ వెనక్కి వచ్చే ఊపూ అంతే. ఆ ఊపును మోయాల్సింది తుపాకీ బరువు. తూటా అదే అయినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుంది. కాన్పూర్ ఆయుధ ఫ్యాక్టరీవాళ్లు 2014లో 'నిర్భీక్' అని ఒక .32 రివాల్వర్ తెచ్చారు (.32 అంటే అంగుళాల్లో గొట్టం వెడల్పు). టైటానియం మిశ్రమంతో చేశారు, బరువు 500 గ్రాములు. ఆడవాళ్ల కోసమే అని ప్రచారం జరిగింది. 2023లో వచ్చిన 'ప్రబల్' కూడా .32 రివాల్వరే, అది సుమారు 700 గ్రాములు. రెండింటిలోనూ ఒకే తూటా వేస్తే తన్నే శక్తి తేలికదానిలో దాదాపు 1.4 రెట్లు ఎక్కువ. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగే మనిషికి 500 గ్రాములు సుఖమే. ఇంట్లో ఉంచుకునేదానికి ఆ రెండు వందల గ్రాములు తగ్గించుకుని మనకు ఒరిగేదేమీ లేదు. మోసేటప్పుడు తేలిక, కాల్చేటప్పుడు తేలిక ఒకటి కావు. దుకాణంలో చేతికిచ్చి "చూడండి మేడం, ఎంత లైటో" అంటారే, అక్కడ తెలిసేది మొదటిది మాత్రమే.

తూటా చిన్నదైతే సంగతి వేరు. ఇషాపూర్‌లో చేసే .22 'నిడర్' 250 గ్రాములే అయినా తన్నదు, దాని తూటా అంత చిన్నది. కాలేజీలో ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినప్పుడు భుజానికి ఏమీ తెలియలేదు. కానీ ఇంటి రక్షణకు .22 మీద నాకు నమ్మకం లేదు. దెబ్బ బలం తక్కువ, పైగా ఆ రకం తూటా పేలకుండా ఉండిపోవడం మిగతావాటికంటే ఎక్కువ.

ఇంటర్నెట్‌లో అమెరికావాళ్ల వీడియోలు చూసి 9 ఎం.ఎం., .38 అని ఆశ పడే తమ్ముళ్లకు ఒక మాట. మన దేశంలో ఆ రెండూ నిషేధిత బోరు, మామూలు పౌరులకు రావు. 20 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న పన్నెండు బోరు కూడా నిషేధితమే. మన చట్టం మనకు మిగిల్చింది .32 రివాల్వరో పిస్టలో, .22, పన్నెండు బోరు, .315 రైఫిల్ లాంటివి. ఇంట్లో వాడడానికి .315 మాట ఎత్తొద్దు. దాని తూటా గోడ అవతలికి పోతుంది.

.32 తూటా నిజానికి మెత్తనిదే. సుమారు 700 గ్రాముల ఉక్కు రివాల్వర్ తన్ను నా చేతికి భారం కాలేదు. నన్ను ఇబ్బంది పెట్టింది ట్రిగ్గర్. రివాల్వర్ వెనక ఉండే సుత్తిని ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా నొక్కితే ట్రిగ్గర్ చాలా బిగువుగా ఉంటుంది, వేలితో లాగుతుంటే గొట్టం పక్కకు జరిగిపోతుంది. సుత్తి లాగి నొక్కితే సులువే, కానీ ఆ లాగాల్సింది పట్టేసిన బొటనవేలితో. పైగా మూడు అంగుళాల గొట్టంతో గురి కుదరాలంటే మాటిమాటికీ కాల్పులు నేర్చుకునే రేంజ్‌కు పోయి సాధన చేస్తూ ఉండాలి. తన్ను గురించి అడిగేవాళ్లు ట్రిగ్గర్ గురించి అడగరు. వేళ్ల నొప్పులున్నవాళ్లు ముందు అడగాల్సింది అదే.

నాయన డబుల్ బ్యారెల్ మూడు కిలోలకు పైనే. లెక్క ప్రకారం దాని తన్ను రివాల్వర్ తన్నుకు పది రెట్లకు పైన. కానీ అది భుజం మీద పరుచుకుంటుంది, రెండు చేతులూ చెంపా కూడా పట్టుకుని ఉంటాయి. మొదట్లో నా దండచెయ్యి (భుజం కింది భాగం) కమిలిపోయింది. కారణం తూటా కాదు, కొలత. నాయన పొడుగు మనిషి, మడమ, అంటే భుజానికి ఆనించే వెనక కొయ్య, ఆయన చేతికి సరిపోయేది. నేను పట్టుకుంటే అది భుజం గుంటలో కూర్చోకుండా దండ మీదికి వచ్చేది. మడమను మోచేతి మడతలో ఆనించి పట్టుకుంటే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు అందాలన్నది పాతకాలపు స్థూలమైన కొలత. నాకు వేలి కొస కూడా అందలేదు. లైసెన్సున్న దుకాణంలోనే కొయ్య మడమను కొంచెం కోయించి, చివర మెత్తటి రబ్బరు ప్యాడ్ వేయించాను. కోసింది కొయ్యనే. గొట్టం పొట్టి చేయించడం నేరం, ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

తర్వాత తూటా. ఊళ్లో అందరూ ఎల్‌జీ, ఎస్‌జీ అంటారు, పెద్ద గుండ్లవి. సాధనకు అవి అక్కర్లేదు. మామూలు తూటాలో 32 గ్రాముల దాకా గుండ్లుంటాయి. గాల్లోకి విసిరిన పళ్లేలను కాల్చే ట్రాప్, స్కీట్ పోటీలవాళ్లు వాడేవి 24 గ్రాములవి. అవి దొరికినప్పుడు సాధనకు తెచ్చుకుంటాను. తేడా భుజానికి వెంటనే తెలుస్తుంది.

పట్టుకోవడం నేర్పింది మా పక్క తోపు మామ. సైన్యంలో సుబేదార్‌గా చేసి వచ్చినాయన. రేంజ్‌కు ఆయనే తోడు వచ్చాడు.

"సందు పెట్టగూడదు పాపా. సందుంటే అది గుద్దుతాది. భుజానికి అదిమి పట్టుకుంటే ఊరికే తోస్తాది. చెంప కూడా ఆనించు."

"భయమేస్తాంది మామా."

"శబ్దానికి భయపడతాండావు, తన్నుకు కాదు. చెవులకు ఇంకోటి పెట్టుకో."

ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది. ఇయర్‌ప్లగ్‌ల మీద చెవులు కప్పే మఫ్స్ కూడా పెట్టుకుంటే నా ఉలికిపాటు సగం తగ్గింది. ముందు కాలు కొంచెం వంచి, బరువు ముందుకు వేసి నిలబడితే మిగతాదీ తగ్గింది. ఇంకో ముఖ్యమైన మాట: ట్రిగ్గర్లు రెండుంటాయి, రెండింటి మీదా వేళ్లు పెట్టొద్దు. రెండు గొట్టాలూ ఒకేసారి పేలితే ఏ భుజమూ తట్టుకోదు.

గుండ్లు వెదజల్లుతాయి కాబట్టి పన్నెండు బోరుకు గురి అక్కర్లేదనే నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. ఇంట్లో దూరాలకు అది తప్పు. ఐదు మీటర్లలో గుండ్లు జానెడు కూడా విచ్చుకోవు. గురి కావాలి, గురికి సాధన కావాలి, నొప్పి పెట్టే తుపాకీతో ఎవరూ సాధన చేయరు. తన్ను తక్కువ ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. నాకు డబుల్ బ్యారెలే కుదిరింది, ఉంచుకున్నాను. తిరుపతిలో ఇరుకు సందులో, గోడకు గోడ ఆనుకున్న ఇంట్లో ఉండే మా పిన్ని కూతురికి మాత్రం ఇది వద్దన్నాను. ఇంత పొడుగు తుపాకీతో మూల తిరగడానికే చోటుండదు. ఆ పిల్లకు వేళ్లలో బలం ఉంది, ఉక్కు .32 సరిపోతుంది.

ఏనుగులొస్తే కాలుస్తావా అని కూలీలు అడుగుతుంటారు. కౌండిన్య అడవి నుంచి వస్తాయి, నష్టం చేస్తాయి, నిజమే. కానీ ఈ తుపాకీ ఏనుగు మీదికి ఎత్తడానికి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, నా మనసూ ఒప్పుకోదు. మనుషుల విషయంలోనూ అంతే. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది, అవసరానికి మించి హాని చేయకూడదన్న హద్దు కూడా అక్కడే ఉంది. పారిపోయేవాడి వీపు మీద కాల్చడం రక్షణ కాదు.

కూలీల పిల్లలు మా ఇంట్లోకి చొరవగా వస్తారు. అందుకని తుపాకీ ఒక ఉక్కు బీరువాలో, తూటాలు వేరే గదిలో తాళం పెట్టిన పెట్టెలో ఉంటాయి. రెండు తాళంచేతులూ నా దగ్గరే. 2024 ఎన్నికలప్పుడు మార్చి 16న కోడ్ వచ్చాక తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేశాం, ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో లేదు. అది కూడా సరిగ్గా మామిడి సీజన్లోనే. తలుపుకు లోపల అడ్డగడియ, తోపు దారికి లైట్లు, రెండు కుక్కలు, పక్క తోపు మామ ఫోన్ నంబరు, ఇవి ఆ నెలల్లో మమ్మల్ని కాపాడాయి. డబ్బు కూడా ఇప్పుడు కూలీల ఖాతాల్లోకి ఫోన్‌పేలో వేస్తున్నాను, చాలామంది ఒప్పుకున్నారు.

అమ్మకు తుపాకీ నేర్పలేదు. లైసెన్సు నా ఒక్కదాని పేరునే ఉంది. కుక్కలు మొరిగితే లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుని 112కు ఫోన్ చేయడం ఆమె పని. తోపుకు దారి ఎలా చెప్పాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ పక్కన అతికించాను.