పైథాన్ డాక్యుమెంటేషన్‌లో రెండు గీతలు

అమలాపురంలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతుంటాను. ముమ్మిడివరం, అంబాజీపేట వైపు నుంచి కూడా బస్సుల మీద వస్తారు. అనుమానం వస్తే పైథాన్ అసలు డాక్యుమెంటేషనే (ఆ భాషను ఎలా వాడాలో వివరించే వెబ్ పేజీలు) తెరవమని మొదటి రోజు నుంచీ చెబుతాను. అలా తెరిచిన ఒకమ్మాయి అందులోని కమాండ్‌ను కాపీ చేసి టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) పెడితే ఎర్రర్ వచ్చింది. "ఆయ్, అక్కడున్నదే పెట్టానండి మాస్టారూ" అంది. నిజంగానే అక్కడున్నదే పెట్టింది.

అక్షరాలు పెద్దవి చేసి చూస్తే విషయం తెలిసింది. కమాండ్‌కు జోడించే ఆప్షన్ పేరు ముందు రెండు చిన్న గీతలు ఉండాల్సిన చోట ఒకే పొడుగు గీత ఉంది. ఆ పేజీలను రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే, గుర్తులతో రాసే పద్ధతిలో రాస్తారు. స్ఫింక్స్ అనే ప్రోగ్రామ్ వాటిని వెబ్ పేజీలుగా మారుస్తుంది. మామూలు వాక్యంలో రెండు హైఫన్లు పక్కపక్కన కనిపిస్తే అది వాటిని కలిపి డాష్ చేసేస్తుంది. వాక్యానికి అది అందమే, కమాండ్‌కు మాత్రం అది వేరే అక్షరం. ఆ ఆప్షన్‌కు అటూ ఇటూ రెండేసి బ్యాక్‌టిక్‌లు (`) పెట్టి ఉంటే ఉన్నది ఉన్నట్టే కనిపించేది.

అనుభవం ఉన్నవాళ్లు ఇలాంటివి చేత్తో టైప్ చేసుకుని ముందుకు పోతారు, తప్పు కంటికి కూడా ఆనదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం తమకే చేతకాలేదనుకుంటారు. అందుకే నాకు దీన్ని వదలబుద్ధి కాలేదు.

పైథాన్ కోడ్, డాక్యుమెంటేషన్ రెండూ గిట్‌హబ్ అనే కోడ్ దాచే వెబ్‌సైట్‌లో ఒకే రిపాజిటరీలో (ఫైళ్ల భాండారంలో) ఉంటాయి. 2017లో అక్కడికి మార్చారు. దాన్ని ఫోర్క్ చేసి, అంటే నా ఖాతాలోకి ఒక కాపీ తీసుకుని, 'డాక్' ఫోల్డర్‌లో ఆ ఫైలు వెతికి, బ్యాక్‌టిక్‌లు పెట్టాను. 'మేక్ హెచ్‌టీఎంఎల్' అని కొడితే పేజీలన్నీ మన కంప్యూటర్‌లోనే తయారవుతాయి. మొదటిసారి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టాలి. 'మేక్ చెక్' కొడితే స్ఫింక్స్-లింట్ అనే పరికరం ఇలాంటి రాత లోపాలు కొన్నింటిని పట్టిస్తుంది. అదే పేజీలో ఒక జాబితాకు పైన ఖాళీ లైను లేక అంశాలన్నీ పేరాలో కలిసిపోయాయి, దాన్నీ సరిచేశాను.

పక్క పేజీల జోలికి మాత్రం పోలేదు. ఈ డాక్యుమెంటేషన్‌ను జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ లాంటి భాషల్లోకి అనువదించేవాళ్లు ఉన్నారు. ఇంగ్లిష్ పేరాలో ఒక్క గుర్తు మారినా అనువాదం ఫైలులో ఆ పేరాకు 'ఫజీ' (మళ్లీ సరిచూడాలి అని) ముద్ర పడుతుంది, ఎవరో ఒకరు మళ్లీ చూసి సరే అనాలి. చదివేవాళ్లు తప్పుదారి పట్టే చోట ఆ శ్రమ పెట్టొచ్చు. అందం కోసమైతే వాళ్ల సమయం తీసుకోకూడదని నా అభిప్రాయం.

మొదటిసారి మార్పు పంపేవాళ్లు కంట్రిబ్యూటర్ అగ్రిమెంట్‌పై (మన మార్పును వాడుకోనిచ్చే ఒప్పందం) ఆన్‌లైన్‌లో సంతకం చేయాలి, అది చిటికెలో పని. ఇంత చిన్న సవరణకు విడిగా ఇష్యూ (సమస్య నమోదు) తెరవక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్, అంటే మన మార్పును కలుపుకోమనే అభ్యర్థన, పెట్టాక మారిన పేజీ ఎలా ఉంటుందో చూపించే ప్రివ్యూ లింక్ కూడా వస్తుంది. రివ్యూ చేసినాయన బ్యాక్‌టిక్‌లకు బదులు 'ఆప్షన్' అనే రోల్ (ఈ మాట ఫలానా రకం అని స్ఫింక్స్‌కు చెప్పే గుర్తు) వాడమన్నారు. అలా రాస్తే గీతలు కలవవు, పైగా దాని మీద నొక్కితే ఆ ఆప్షన్ వివరణ దగ్గరికే వెళ్తాం. నాకు తట్టని మంచి మాట అది. వెంటనే మార్చి పంపాను.

మార్పు మెర్జ్ అయ్యాక, అంటే అసలు రిపాజిటరీలో కలిశాక, ఇంకో ముఖ్యమైన పని ఉంది. మార్పు ముందు రాబోయే వెర్షన్‌లోకే వెళ్తుంది. మా పిల్లలు వాడేది, చదివేది అప్పటికే విడుదలైన వెర్షన్. పుల్ రిక్వెస్ట్‌కు బ్యాక్‌పోర్ట్ (పాత వెర్షన్‌కూ పంపమనే) లేబుల్ పెడితే మిస్-ఇస్లింగ్టన్ అనే బాట్ (తనంతట పనిచేసే ప్రోగ్రామ్) అదే సవరణను పాత వెర్షన్ బ్రాంచ్‌కు కూడా పుల్ రిక్వెస్ట్‌గా పెడుతుంది. మీరు పంపేటప్పుడు ఏయే వెర్షన్ల పేజీల్లో ఆ తప్పు ఉందో చూసి వివరణలో రాయండి, లేబుల్ పెట్టేవాళ్లకు వెతుకులాట తప్పుతుంది.