రాని గ్యాస్ బండకు వచ్చిన రసీదు

డాల్ఫిన్ నోస్ కొండ కింద, సముద్రమట్టానికి బాగా దిగువన, రాతిని తొలిచి కట్టిన వంటగ్యాస్ నిల్వ గుహ ఒకటి ఉందన్న సంగతి విశాఖపట్నంలో ఉండేవాళ్లలోనే చాలామందికి తెలియదు. 2007లో వాడుకలోకి వచ్చిన ఆ గుహలో 60,000 టన్నుల గ్యాస్ పడుతుంది. గ్యాస్ బయటికి పోకుండా అక్కడ ఆపి ఉంచేది ఉక్కు తొట్టి కాదు, చుట్టూ ఉన్న రాతిలోని భూగర్భజలం ఒత్తిడి. ఇంటికి వచ్చే బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది కనుక, ఆ ఒక్క గుహ నిండితే 42 లక్షల బండలకు సరిపోతుంది. మల్కాపురంలో 1957 నుంచీ చమురు శుద్ధి కర్మాగారం నడుస్తూనే ఉంది. ఇక్కడి నుంచి గొట్టపు మార్గంలో సికింద్రాబాద్ దాకా వంటగ్యాస్ వెళుతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్కయ్యపాలెంలో మూడో అంతస్తులో ఉన్న మా ఇంటికి బండ రాకపోవడానికి ఊళ్లో గ్యాస్ లేకపోవడం కారణం కాదని ముందే తేలిపోవాలి. కొరత ఉన్నది గ్యాస్‌కు కాదు, ఫిర్యాదు వినే మనిషికి.

మాది రెండు బండల కనెక్షన్. ఒకటి అయిపోగానే రెండోది తగిలించి, ఖాళీదానికి బుక్ చేస్తాం. రెండోది సగమైనా అవకముందే కొత్తది వచ్చేస్తుంది కనుక, గ్యాస్ గురించి ఆలోచించవలసిన అవసరం మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఈసారి కూడా వాట్సాప్‌లో బుక్ చేసి, డబ్బు ఫోన్‌లోనే కట్టేశాను. బుకింగ్ నంబరు వచ్చింది, బిల్లు తయారైందన్న సందేశం వచ్చింది, బండ తెచ్చిన మనిషికి చెప్పవలసిన నాలుగంకెల కోడ్ కూడా వచ్చింది. మర్నాడు నేను ఆఫీసులో ఉండగా, "మీ సిలిండర్ డెలివరీ చేయబడింది, ధన్యవాదాలు" అని ఇంకో సందేశం వచ్చింది. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ ఎవరూ రాలేదంది. మా అమ్మ ఇల్లు కదిలే మనిషి కాదు, ఆవిడా అదే మాట చెప్పింది. ఆ రోజు గ్యాస్ ఆటో మా వీధిలోకే రాలేదని కింద వాచ్‌మన్ చెప్పాడు. కోడ్ నా ఫోన్‌లోనే ఉంది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

డెలివరీ అబ్బాయి నంబరు మా అమ్మ గ్యాస్ పుస్తకం వెనకట్ట మీద పెన్సిలుతో రాసి ఉంచింది. "మీ లైను ఇప్పుడు నాది కాదు సార్, మార్చేసినారు. ఆఫీసులో అడగండి" అని అతను పెట్టేశాడు. ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంటుంది తప్ప ఎత్తేవారు లేరు. ఇక మిగిలింది కంపెనీ వారి సేవా కేంద్రం. తెలుగు కోసం ఒక అంకె, బుకింగ్ కోసం ఒక అంకె, ధర కోసం ఒక అంకె, సబ్సిడీ వివరాల కోసం ఇంకో అంకె నొక్కమని యంత్రం ఎంతో ఓపికగా చెబుతుంది. రాని బండ వచ్చిందని నమోదైతే ఏ అంకె నొక్కాలో మాత్రం చెప్పదు. ఆ జాబితా తయారుచేసినవాళ్లకు అలాంటిది జరగవచ్చన్న ఊహ లేదో, జరుగుతుందని తెలిసే దానికి అంకె కేటాయించలేదో నాకు తెలియదు కానీ, రెండోదే నిజమని నా అనుమానం.

ఎలాగో ఒక అమ్మాయి మాట్లాడింది. మర్యాదగానే మాట్లాడింది. "మీ రికార్డు ప్రకారం డెలివరీ పూర్తయింది సార్" అంది. పూర్తయిందన్న ఆ రికార్డే తప్పని చెప్పడానికి ఫోన్ చేశానన్నాను. ఫిర్యాదు రాసుకుని, నంబరు ఇచ్చి, "సంబంధిత డిస్ట్రిబ్యూటర్‌కు పంపించాము" అంది. ఆ మాట అప్పుడు నాకు సరిగా ఎక్కలేదు. మర్నాడు ఫిర్యాదు పరిష్కారమైందని సందేశం వచ్చాకే ఎక్కింది. యాప్‌లో తెరిచి చూస్తే, "వినియోగదారుని సంప్రదించి సమస్యను పరిష్కరించడమైనది" అని ఉంది. నన్ను సంప్రదించినవారు లేరు, బండ వచ్చిందీ లేదు. మళ్లీ ఫిర్యాదు చేశాను. మళ్లీ అదే వాక్యం, అక్షరం పొల్లు పోకుండా వచ్చింది.

నా కోపమంతా ఇక్కడే ఉంది. ఏజెన్సీ మీద నేను చేసిన ఫిర్యాదు కంపెనీకి చేరి, కంపెనీ నుంచి అదే ఏజెన్సీకి చేరి, అక్కడ ఎవరో దాని మీద "పరిష్కారం" అని నొక్కగానే మూసుకుపోతున్నది. పరీక్ష రాసిన పిల్లవాడి చేతికే జవాబు పత్రం ఇచ్చి దిద్దుకోమన్నట్టుంది ఈ ఏర్పాటు. నడుమ కంపెనీ చేసిందల్లా సందేశాలు పంపడమే. ఫిర్యాదుదారుడు ఒప్పుకున్నాడా లేదా అని ఒక్కమాట అడిగితే చాలు, ఈ బండారం మొదటిరోజే బయటపడేది. కానీ ఆ ప్రశ్న అడిగితే మూసిన ఫిర్యాదుల సంఖ్య తగ్గుతుంది, పైవాళ్లకు చూపించే పట్టికలో అంకెలు అందంగా ఉండవు.

ఇక ఏజెన్సీకే వెళ్లాను. ఇనుప కమ్మీల కిటికీ వెనక ఇద్దరు గుమస్తాలు, గోడ మీద ధరల బోర్డు, దాని పక్కన "సిలిండర్ తీసుకునే ముందు తూకం సరిచూసుకోండి, సీలు సరిచూసుకోండి" అన్న నోటీసు ఉన్నాయి. బండను వేలాడదీసి తూచే స్ప్రింగ్ త్రాసు డెలివరీకి వచ్చే మనిషి వెంట ఉండాలి. అది ఆ నోటీసు పక్కనే మేకుకు వేలాడుతోంది, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. కవరు మీద దుమ్ము, కొక్కేనికి ఎవరో తగిలించిన తాళాల గుత్తి. ఆ త్రాసు ఒక్క బండనైనా తూచి ఉంటుందని నేను అనుకోను.

గుమస్తా తెర నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు, నా కస్టమర్ నంబరు, ఎదురుగా డెలివరీ తేదీ ఉన్నాయి. కోడ్ ఎవరు చెప్పారని అడిగాను. "కోడ్ చెప్పకపోయినా క్లోజ్ చేసే ఆప్షన్ ఉంటుంది సార్. ఫోన్ దగ్గర లేనివాళ్లు, ముసలివాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం" అన్నాడు. అబద్ధం కాదది. అలాంటివాళ్లకు అలాంటి వెసులుబాటు ఉండి తీరాలి కూడా. అయితే వినియోగదారుడి రక్షణకని పెట్టిన కోడ్ ఉన్నా లేకపోయినా పని జరిగిపోయే దారి ఒకటి ఉండి, ఆ దారి తాళం ఏజెన్సీ దగ్గరే ఉంటే, నా ఫోన్‌కు వచ్చే నాలుగంకెలకు విలువ ఏమిటి? ఈ ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. "మీ పక్కింటివాళ్లేమైనా తీసుకున్నారేమో కనుక్కోండి సార్" అన్నాడు.

నా వెనక నిలబడిన ఒక పెద్దావిడ, "మాదీ అలాగే అయిపోనాది బాబూ, పోయిన నెల్లో. తిరిగి తిరిగి వదిలేసినాను" అంది. ఆవిడది దీపం కనెక్షన్. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన దీపం-2 పథకంలో ఏడాదికి మూడు బండలు ఉచితం, నాలుగు నెలలకు ఒకటి చొప్పున. ముందు డబ్బు కట్టి బండ తీసుకుంటే ఆ మొత్తం తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. అలాంటి ఇంట్లో రాని బండ వచ్చినట్టు రాస్తే ఆ నాలుగు నెలల ఉచిత బండ కాగితం మీదే ఖర్చైపోయినట్టు. నా నష్టం కన్నా ఆవిడ నష్టం చాలా పెద్దది. నేను ఇన్ని ఫోన్లు చేయగలిగాను, ఇన్ని చోట్లకు తిరగగలిగాను, ఇక్కడ ఇంత రాయగలుగుతున్నాను. ఆవిడ కూలిపని మానుకుని అక్కడికి వచ్చింది.

ఇలాంటి బండలు ఎటు పోతాయన్నది ఈ ఊళ్లో రహస్యమేమీ కాదు. హోటళ్లూ టిఫిన్ బళ్లూ వాడవలసింది 19 కిలోల వాణిజ్య బండ. దాని మీద జీఎస్టీ 18 శాతం, ఇళ్లకు ఇచ్చే ఎర్ర బండ మీద 5 శాతం. పన్ను ఒక్కటే కాదు, మూల ధరలోనే తేడా ఉంది. ఇంటి బండను వ్యాపారానికి మళ్లించకూడదని 2000 నాటి ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు స్పష్టంగానే చెబుతున్నది. అయినా సాయంత్రం పూట ఏ రోడ్డు మీదైనా నాలుగు బళ్ల కింద తొంగిచూస్తే ఎర్ర బండ కనిపిస్తుంది. మా బండ అక్కడికే వెళ్లిందని నేను అనడం లేదు. దానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఎక్కడికి వెళ్లిందో చెప్పవలసిన బాధ్యత మాత్రం దాన్ని నా పేరు మీద రాసినవాళ్లదే అంటున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన మంచి ఉద్దేశంతోనే ఒక సలహా ఇచ్చారు. 1906కు ఫోన్ చేసి గ్యాస్ లీకవుతోందని చెబితే గంటలో మనిషి వస్తాడట, అప్పుడు పట్టుకుని అడగవచ్చట. నేను ఒప్పుకోలేదు. ఆ నంబరు లీకేజీ ప్రమాదాల కోసం పెట్టింది. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం రిఫైనరీలో వంటగ్యాస్ లీకై అంటుకున్నప్పుడు ఆ పొగను దూరం నుంచి చూసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఆ ప్రమాదం జరిగిన ఈ ఊళ్లోనే ఉంటూ, బండ రాలేదన్న కోపంతో లీకేజీ నంబరుకు దొంగ ఫోన్ చేయడం నాకు చేతకాదు.

చివరికి కంపెనీ వారి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. కోడ్ ఉన్న సందేశం, డెలివరీ సందేశం, రెండుసార్లు వచ్చిన "పరిష్కారం" సందేశాలు అచ్చు తీసి జతచేశాను. అందినట్టు ముద్ర వేయించుకున్నాను. అక్కడి ఉద్యోగి ముందు ఆన్‌లైన్‌లో పెట్టమన్నాడు, పెట్టినవాటి గతి చూపించాక ముద్ర వేశాడు. అదే విషయాన్ని కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా పెట్టాను. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమనీ, 5 లక్షల లోపు విలువకు అక్కడ రుసుము కూడా ఉండదనీ ఒక మిత్రుడు అన్నాడు. అవసరమైతే వెళ్లవచ్చునని ఊరుకున్నాను.

కాగితం కదిలింది. కొద్దిరోజులకే బండ వచ్చింది. అప్పటికి మా రెండో బండ కూడా అయిపోయి, ఇండక్షన్ స్టవ్ మీద వంట నడుస్తోంది. దోసెల పెనం దాని మీద పనిచేయదని మా అమ్మ రోజూ నాకే ఫిర్యాదు చేస్తోంది, ఆవిడ ఫిర్యాదు మాత్రం ఎవరూ మూసివేయలేదు. బండ మోసుకొచ్చినతను కొత్తవాడు. లిఫ్టు పాడై ఉంది. గ్యాసూ ఇనుమూ కలిపి 30 కిలోల దాకా ఉండే బండను భుజం మీద మూడంతస్తులు ఎక్కించి, "మెట్లకి ఏటైనా ఇవ్వండి సార్" అన్నాడు. బిల్లులోనే డెలివరీ ఛార్జీ కలిసి ఉంటుంది, ఏ అంతస్తుకైనా అదనంగా అడగకూడదు. ఆ నియమం నాకు తెలుసు, అయినా ఇచ్చాను. ఆ ఛార్జీలో ఇతని చేతికి ఎంత వస్తుందో అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నా గొడవ ఇతనితో కాదు.

ఈ బండకు బిల్లు లేదు. పాత బుకింగ్ మీదే పంపామని ఏజెన్సీ వారన్నారు. అంటే కాగితం ప్రకారం నాకు ఒక బండ రావాలి, ఒక బండ వచ్చింది, తేదీ ఒక్కటే తేడా. "సమస్య పరిష్కారమైంది" అని ఒక ఉత్తరం రాసి సంతకం పెట్టమని గుమస్తాను ఇంటికి పంపారు. వచ్చిన తేదీని సరిచేసి, ముందు వేసిన తప్పుడు నమోదును రద్దు చేస్తేనే పెడతానన్నాను. "బండ వచ్చింది కదా సార్, ఇంకేం కావాలి మీకు?" అని అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతని ఆశ్చర్యం నటన కాదు. బండ దొరికాక ఎవరూ ఇంకేమీ అడగరన్నది అతని అనుభవం అయి ఉండాలి. ఇదే కంపెనీలో వేరే డీలరుకు మారే వీలుందని కూడా అతనే చెప్పాడు. పెద్దావిడ బండ సంగతి అడిగితే, ఆవిడ రాతపూర్వకంగా ఇవ్వలేదన్నాడు.

చమురు కంపెనీ ప్రభుత్వరంగ సంస్థ కనుక సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టాను. ఇతరుల వివరాలేవీ అడగలేదు, అడిగితే ఇవ్వనవసరం లేదంటారు. నా కస్టమర్ నంబరు మీద ఆ రోజు డెలివరీ నమోదు ఏ సమయంలో జరిగింది, ఎవరి లాగిన్ నుంచి జరిగింది, కోడ్ లేకుండా నమోదు చేయడానికి ఏ కారణం ఎంచుకున్నారు, గత ఏడాదిలో ఈ ఏజెన్సీ కోడ్ లేకుండా మూసిన డెలివరీలు ఎన్ని, నా రెండు ఫిర్యాదులను మూసేముందు నన్ను సంప్రదించినట్టు ఆధారమేమిటి అని మాత్రమే అడిగాను. చట్ట ప్రకారం జవాబుకు గడువు 30 రోజులు.

గడువు ఇంకా పూర్తికాలేదు. నిన్న ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. ఇన్నాళ్లలో వాళ్లంతట వాళ్లు చేసిన మొదటి ఫోన్ అది. యజమానే మాట్లాడారు, ఎంతో మర్యాదగా. ఆ దరఖాస్తు వెనక్కి తీసుకోమనీ, ఇకముందు బండ ఎప్పుడు కావాలన్నా తన సొంత నంబరుకే ఫోన్ చేయమనీ అన్నారు. నంబరు రాసుకున్నాను. దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు.