మళ్ళీ వాలతాయిగా!

“ఏం కాదు మేడం, మళ్ళీ వాలతాయిగా!” ఈ మాట పొద్దుటినుంచి నన్ను వదలడం లేదు. నిద్ర ఎలాగూ పట్టేలా లేదు, రాసేస్తున్నాను.

పక్షుల్ని చూడ్డానికి ఉప్పలపాడు వెళ్ళాలన్నది అత్తయ్య పట్టుదల. గుంటూరులో ఇన్నేళ్ళుండీ ఆవిడ చూడలేదు. చెరువు నడుమ తుమ్మచెట్లు మొలిచిన దిబ్బలు. వాటిమీద మనుషులెవరూ ఉండరు. చుట్టూ నీళ్ళే కాపలా కాబట్టి పిల్లీ కుక్కా చేరలేవు, అందుకే అన్ని గూళ్ళూ అక్కడే. చెట్లు చాలక ఇనప స్టాండ్లు కూడా పాతారు, కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో లాగే. గూడబాతు (పెలికాన్) పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడదాకా దూరి తింటుంటే “అమ్మా, మింగేస్తోంది!” అని మా చిన్నది ఏడుపు లంకించుకుంది. అత్తయ్య ఒకటే నవ్వు.

అప్పుడొచ్చారు ఆ నలుగురూ. ఒకడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మిగతావాళ్ళు ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు. కూర్చున్న పక్షులు వీడియోలో బాగుండవట, ఎగరాలట. ఎర్రకాళ్ల కొంగలు గుంపుగా లేచాయి. గూళ్ళలో పిల్లలున్నాయండీ అంటే వచ్చిన జవాబే పైన రాసింది. వాలతాయి, నిజమే. ఈలోపు కాకి రాదా? గుడ్డు ఎత్తుకుపోవడానికి దానికెంతసేపు? గూడబాతు పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఒంటిమీద ఈకే ఉండదు. తల్లో తండ్రో నీడపట్టకపోతే ఆ ఎండకి ఏమైపోతుంది? ఇదంతా చెప్పేలోపే మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఈయనేమో “వదిలెయ్, ఆదివారం పూట గొడవెందుకు” అని చెయ్యి పట్టి లాగారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

దారంతా అమ్మమ్మే గుర్తొచ్చింది. వాళ్ళ దొడ్లో చింతచెట్టు నిండా కొంగలు గూళ్ళు పెట్టేవి. కిందంతా రెట్టలు, చేపముక్కల కంపు. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాల్సి వచ్చేది. కొమ్మలు కొట్టిస్తానని మావయ్య ఏటా అనేవాడు. “పురిటికొచ్చిన ఆడపిల్లని గెంటేస్తారట్రా ఎవరైనా?” అని అమ్మమ్మ గొడ్డలి బయటికి తియ్యనిచ్చేది కాదు. ఆ చెట్టుకింద మేం గట్టిగా మాట్లాడినా కళ్ళెర్రజేసేది. ఓసారి పిల్ల జారి కిందపడితే బుట్టకింద దాచి, మావయ్యనే చెట్టెక్కించి గూట్లో పెట్టించింది. తిట్టుకుంటూనే ఎక్కాడు పాపం. దిగాక ఒళ్ళంతా కొంగరెట్టలు. ఆ పిల్ల ఎగిరిపోయేదాకా రోజూ మెడెత్తి చూసిందీ మావయ్యే.

గూళ్ళ కాలంలో గేటుకి తాళం వేసి ఒక్కరినీ రానివ్వకూడదు అన్నాను ఇంటికొచ్చాక. “అలాగైతే నేనెలా చూసేదాన్నే?” అన్నారు అత్తయ్య. అప్పుడు ఊరుకున్నాను గానీ, ఇప్పుడు ఆవిడన్నదే సబబనిపిస్తోంది. ఉప్పలపాడులో పక్షులు నిలిచింది తాళాల వల్ల కాదు, ఊరివాళ్ళు వాటిజోలికి పోకుండా, ఎవరినీ పోనివ్వకుండా కాసుకున్నందువల్ల. సిక్కోలు (శ్రీకాకుళం) వైపు పక్షులొచ్చే తేలినీలాపురంలోనూ అంతే. మరి ఆ నలుగురూ కూడా కళ్ళారా చూశారు కదా, వాళ్ళకెందుకు జాలి కలగలేదు? కాకి సంగతి, ఎండ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్పబోయేసరికి ఆలస్యమైంది.

ఈసారి జనం లేని రోజు చూసుకుని వెళ్దాం అంటున్నారు ఈయన. నేను ఆదివారమే వెళ్తాను. ఫోన్ పైకెత్తిన వాళ్ళ దగ్గరికి ముందే వెళ్ళి చెబుతాను. అత్తయ్య కూడా వస్తానన్నారు, ఆవిడ గొంతు నాకంటే పెద్దది.