జెర్సీ అప్పగింతలు

మన హైస్కూల్లో టెన్త్ పిల్లలందరికీ జరిగే వీడ్కోలు సభ కాకుండా బాస్కెట్‌బాల్ జట్టుకు విడిగా ఇంకొకటి జరిగేది. ప్రీఫైనల్ పరీక్షలకు ముందు వారంలో, సాయంత్రం ఆట అయ్యాక, కోర్టు పక్కనే. దండలు, శాలువాలు ఏమీ ఉండవు. పీఈటీ సారు రెండు నోటు పుస్తకాలు, ఉతికి మడత పెట్టిన జెర్సీలు తెచ్చుకుని కూర్చునేవారు. బడి వదిలి వెళ్లే ఆటగాళ్లను మెచ్చుకోవడానికి ఆయనకంటూ ఒక పద్ధతి ఉండేది. ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. మన పూర్వ విద్యార్థుల్లో ఇప్పుడు బళ్లలో పిల్లల్ని ఆడిస్తున్నవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది.

మొదటి పుస్తకంలో మ్యాచ్‌ల స్కోర్ షీట్లు అతికించి ఉండేవి. బాస్కెట్ పడితే అంకె మీద ఏటవాలు గీత, ఫ్రీ త్రో అయితే నల్లచుక్క, మూడు పాయింట్ల షాటయితే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా. ఎవరెన్ని పాయింట్లు కొట్టారు, ఎవరి మీద ఎన్ని ఫౌల్స్ పడ్డాయి అన్నది అందులో తెలుస్తుంది. అంతకు మించి తెలియదు. షాటు కొట్టేవాడికి దారి ఇప్పించిన వాడి పేరు ఆ షీటులో ఎక్కడా కనబడదు. అందుకే రెండో పుస్తకం.

రెండో పుస్తకంలో ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ, పేజీకి అయిదు గడులు: బాక్స్ అవుట్ (షాటు తప్పితే బంతి ప్రత్యర్థికి అందకుండా వీపుతో అడ్డుకోవడం), స్క్రీన్ (తోటి ఆటగాణ్ణి కాపలా కాసేవాడికి అడ్డంగా నిలబడటం), బాస్కెట్‌కు దారితీసిన పాస్, నేల మీదికి దూకి దక్కించుకున్న బంతి, దూసుకొచ్చేవాడికి ఎదురుగా కదలకుండా నిలబడి తెచ్చిన చార్జింగ్ ఫౌల్. బెంచి మీది ఎనిమిదో తరగతి పిల్లలే టిక్కులు పెట్టాలి. ఒక్కొక్కరు ఇద్దరు ఆటగాళ్లనే చూడాలి. మూడోవాణ్ణి అప్పగిస్తే కళ్లు బంతి వెంట పోతాయి, గడులు ఖాళీగా మిగులుతాయి. స్నేహితుడికి నాలుగు టిక్కులు ఎక్కువ పెట్టడం కూడా ఉంటుంది కాబట్టి, హాఫ్ టైములో పేజీలు మార్చి వేరేవాళ్ల చేతికిచ్చేవారు.

ఈ గడుల్లో సారుకు అన్నిటికంటే ఇష్టమైనది బాక్స్ అవుట్. షాటు గాల్లోకి లేవగానే మామూలు ఆటగాడు తలెత్తి బంతినే చూస్తాడు. నేర్చుకున్నవాడు ముందు తను కాపలా కాస్తున్న ప్రత్యర్థిని చూస్తాడు. మోచేతి కింది భాగంతో వాణ్ణి తాకి ఎక్కడున్నాడో పట్టుకుని, ఒక కాలి మీద గుండ్రంగా తిరిగి వీపు వాడి ఛాతీకి ఆనిస్తాడు. పాదాలు భుజాల కంటే ఎడంగా, మోకాళ్లు వంచి, చేతులు పైకి. మోచేతులు విసిరితే ఫౌల్. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు ఆ మనిషిని ఆపి, ఆ తర్వాతే బంతి కోసం ఎగరాలి. తప్పు ఎక్కువగా జరిగేది రింగు కిందికి మరీ లోపలికి జరిగిపోవడంలో. అప్పుడు బంతి తల మీదుగా వెనక్కి పోతుంది. కార్నర్ నుంచి కొట్టిన షాటు తప్పితే బంతి చాలాసార్లు అవతలి వైపే పడుతుంది, కాబట్టి నిలబడాల్సిన చోటు కూడా అటే. మన సిమెంటు కోర్టు రింగుకు స్ప్రింగు లేకపోవడంతో బంతి ఇంకా దూరం ఎగిరేది. ఇంత చేసినా రీబౌండ్, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతి, పక్కనున్న గార్డు చేతిలో పడుతుంది, చప్పట్లు అతనికే. రింగు దగ్గర ఆడే మన పివట్ పేరు మాత్రం రెండో పుస్తకంలో ఉండేది.

ఆ సాయంత్రం పేర్లు పిలిచే వరుస కూడా ఆలోచించి పెట్టిందే. ఎక్కువగా బెంచి మీద కూర్చున్నవాడు మొదట, కెప్టెన్ ఆఖరున. కెప్టెన్‌తో మొదలుపెడితే చివరివాడి వంతు వచ్చేసరికి వినే ఓపిక ఎవరికీ మిగలదు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, మూడే మాటలు: జట్టులో చేరినప్పుడు ఏం రాదు, ఇప్పుడు ఏం వచ్చు, ఇక ముందు ఏం సరిచేసుకోవాలి. మాట మాటకీ పుస్తకంలోని పేజీయే ఆధారం. ఒకరితో ఒకరిని పోల్చడం లేదు. అదంతా అరఠావు కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, వచ్చిన అమ్మానాన్నల చేతికి ఇచ్చేవారు. క్రమశిక్షణ గల క్రీడాకారుడు, జట్టుకు వెన్నెముక అని అందరికీ ఒకే మాట రాస్తే పిల్లలు పట్టేస్తారు. నా మట్టుకు నాకు ఆ కాగితం ఏ షీల్డు కంటే తక్కువది కాదు.

తర్వాత జెర్సీలు. అప్పటి అంతర్జాతీయ నియమాల్లో నంబర్లు 4 నుంచి 15 వరకే. 1, 2, 3 వేళ్లతో రిఫరీ ఇతర సంజ్ఞలు చూపిస్తాడు కాబట్టి అవి ఉండేవి కావు. 12 మంది జట్టుకు 12 జెర్సీలు, అవి బడివే. వెళ్లేవాళ్లు ఉతికి, ఊడిన కుట్లు వేయించి తేవాలి. తన నంబరు తీసుకోబోయే జూనియర్‌కు తనకు బాగా వచ్చిన పని ఒకటి కోర్టులో చేసి చూపించి, వాడి చేత చేయించి, అప్పుడు జెర్సీ చేతికివ్వాలి. ఎడమచేతి లేఅప్ (పరుగున రింగు దగ్గరికెళ్లి ఎగిరి బంతి వేయడం) అయితే అడుగుల లెక్కతో సహా: ఎడమ, కుడి, ఎగరడం.

సర్టిఫికెట్ల సంగతి సారు ముందే చూసేవారు. టెన్త్ నామినల్ రోల్స్‌లో (పరీక్షల బోర్డుకు పంపే విద్యార్థుల జాబితాలో) ఉన్న పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ టోర్నమెంట్ సర్టిఫికెట్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే స్పోర్ట్స్ కోటా పరిశీలనలో చిక్కే. జాతీయ స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లకు మెరిట్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, స్పోర్ట్స్ కోటాకు అడిగే ధ్రువపత్రం ఫారం-4 కూడా కావాలి. ఏళ్లు గడిచాక సంతకం కోసం తిరగడం కష్టమని బడిలో ఉండగానే తెప్పించేవారు.

ఆఖరుగా, పరీక్షల తర్వాత ఏం చేయాలో చెప్పేవారు. ఫిబ్రవరిలో ఆగిన ఆట కాలేజీలో చేరాకే మళ్లీ మొదలవుతుంది. ఆ నెలల్లో ఎత్తు పెరిగినవాడికి పాత షాటు కుదరదు. రింగుకు రెండు మీటర్ల దూరంలో ఒంటిచేత్తో మొదలుపెట్టి, కుదిరాక ఒక్కో అడుగు వెనక్కి రావాలి. మొదటి రెండు వారాలు పూర్తి ఎత్తుకు ఎగరకూడదు. తాడాట, ఒంటికాలి మీద 30 సెకన్ల చొప్పున నిలబడటం, తేలికపాటి పరుగు చాలు. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పెడితే ఎగరడం ఆపి డాక్టరుకు చూపించాలి, పట్టీ కట్టుకుని ఆడకూడదు.

ఈసారి మన సంఘం తరఫున బడికి ట్రోఫీ ఇద్దామని అనుకుంటున్నారు. ఇచ్చేట్టయితే రెండో పుస్తకంలోని గడులను బట్టే ఇవ్వాలని నా ప్రతిపాదన. దాంతోపాటు గీతలు గీసిన నోటు పుస్తకాలు ఓ డజను, అమ్మాయిల జట్టుకు 6వ సైజు బంతులు, అబ్బాయిలకు 7వ సైజువి కొనిపెడితే ఇప్పటి పీఈటీ గారు వచ్చే జూన్ నుంచే మొదలుపెట్టవచ్చు.