లిబర్టీ ఓడ మోడల్: ఈ నెల పగుళ్ల పట్టీ పని

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ సరుకు ఓడ మోడల్ డెక్కు దాకా వచ్చింది. స్కేలు 1/350. అసలు ఓడ పొడవు 134.6 మీటర్లు, నా బల్ల మీద 38.4 సెంటీమీటర్లు. హల్ (ఓడ బయటి ఒళ్లు) రెండు సగాలనూ అతికించి, అతుకు మీద పుట్టీ పెట్టి, 400తో మొదలుపెట్టి 1200 నంబరు దాకా తడి సాండ్‌పేపరుతో రుద్దాను. నడుమ భాగం లోపలికి వంగకుండా అడ్డంగా రెండు ప్లాస్టిక్ ముక్కలు బిగించాను. ఇవి లేకపోతే డెక్కు ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తుంది.

అసలు తంటా తర్వాత వచ్చింది: ఏ సంవత్సరపు ఓడను చేయాలి? 1942లో ఓడలు కట్టే యార్డు నుంచి బయటికొచ్చిన లిబర్టీ వేరు, ఆ తర్వాత మరమ్మతులు పడిన లిబర్టీ వేరు. తేడా చిన్నదే కానీ, ఆ ఓడల కథంతా ఆ తేడాలోనే ఉంది.

1941 నుంచి 1945 దాకా అమెరికాలోని 18 యార్డులు కలిసి 2,710 లిబర్టీలను కట్టాయి. మూలం బ్రిటిష్ నమూనా. అందులో రివెట్లు కొట్టే చోట అమెరికన్లు చాలావరకు వెల్డింగ్ పెట్టి, భాగాలను విడిగా తయారుచేసి క్రేన్లతో తెచ్చి కలిపారు. మొదటిది పాట్రిక్ హెన్రీ, 1941 సెప్టెంబరు 27న బాల్టిమోర్‌లో నీళ్లలోకి దిగింది. మరుసటి ఏడాది నవంబరులో కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ యార్డు, రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను పని మొదలెట్టిన 4 రోజుల 15 గంటలకే నీళ్లలోకి దింపింది. అది ప్రచారం కోసం తీసిన పరుగేలెండి, అన్నీ అలా కట్టలేదు. అయిదేళ్లు పనిచేస్తే చాలన్న లెక్కతో కట్టిన ఓడలు ఇవి.

పగుళ్లు మాత్రం అయిదేళ్లు ఆగలేదు. చలి సముద్రాల్లో ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో డెక్కు చీలేది. జాన్ పి. గెయిన్స్ అనే లిబర్టీ 1943 నవంబరు 24న అలాస్కా వైపు సముద్రంలో రెండు ముక్కలైంది, పదిమంది పోయారు. మొదట అందరి వేళ్లూ కొత్తగా పని నేర్చుకున్న వెల్డర్ల వైపు తిరిగాయి. కేంబ్రిడ్జ్‌లో లోహ శాస్త్రవేత్త కాన్‌స్టెన్స్ టిప్పర్ చేసిన పరిశోధన అసలు దోషం ఉక్కుదని చూపింది. ఆ రకం ఉక్కు ఒక స్థాయిని మించి చల్లబడితే సాగే గుణం పోయి పెళుసుబారుతుంది. వెల్డింగ్ పాత్ర వేరు. రివెట్ల ఓడలో పగులు ఒక రేకు అంచుకు చేరి ఆగిపోతుంది. వెల్డింగ్ ఓడలో రేకులన్నీ ఒకే రేకు కింద లెక్క, పగులుకు అడ్డే లేదు. అది మొదలయ్యే చోటు తరచుగా హాచ్ మూల, అంటే సరుకు గదిలోకి దింపేందుకు డెక్కులో కోసిన రంధ్రం మూల. చతురస్రంగా కోసిన మూలలో ఒత్తిడంతా ఒక్క బిందువు మీద చేరుతుంది.

మందు కూడా అక్కడే వేశారు. హాచ్ మూలలను గుండ్రం చేశారు, అక్కడ అదనపు రేకు వేశారు, హల్ పైఅంచున రివెట్లతో పట్టీలు బిగించారు. పగులు పట్టీ దాకా వచ్చి ఆగాలి. మరమ్మతు పడిన ఓడనే చేయాలని నిర్ణయించుకున్నది ఈ పట్టీ కోసమే. ఏ ఓడకు ఏ మరమ్మతు ఎప్పుడు పడిందో ఒక్కొక్కటీ తేల్చే ఓపిక లేక, పేరు రాయకుండా వదిలేస్తున్నాను.

పట్టీని ప్లాస్టిక్ షీటుతో చేయడం నాకు నచ్చలేదు. దొరికే వాటిలో పల్చనిది 0.13 మిల్లీమీటర్లు, అంటే అసలు ఓడ మీద నాలుగున్నర సెంటీమీటర్ల మందం. చూడగానే ఎబ్బెట్టు. బదులుగా మాస్కింగ్ టేపు రెండు వరుసలు 0.8 మిల్లీమీటర్ల ఎడంతో అంటించి, మధ్యలో చిక్కటి ప్రైమర్‌ను పొర మీద పొరగా ఎయిర్‌బ్రష్‌తో కొట్టాను. ప్రైమర్ పూర్తిగా ఆరకముందే టేపు తీయాలి, ఆరాక తీస్తే అంచు పెచ్చులుగా లేస్తుంది. తర్వాత 2000 నంబరు కాగితంతో ఒక్కసారి పైపైన తుడిస్తే చాలు. పక్కనుంచి వెలుతురు పడితే పట్టీ తెలుస్తుంది, ఎదురుగా చూస్తే కనబడదు. నాకు కావలసింది అదే. రివెట్లు వేయడం లేదు. ఈ స్కేలులో రివెట్టు తల 0.1 మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని చూపించాలని గుండ్లు అతికిస్తే ఓడకు ఆటలమ్మ వచ్చినట్టుంటుంది.

హాచ్‌లు అయిదు. నాలుగింటికి టార్పాలిన్ కప్పి, రెండో దాన్ని తెరిచి ఉంచుతున్నాను. మూలలను సన్నని గుండ్రటి ఆకురాయితో తీశాను. ఇక్కడ ఒక మిల్లీమీటరు అంటే అసలు ఓడ మీద 35 సెంటీమీటర్లు, కాబట్టి రెండు మూడు రాపిడులకోసారి భూతద్దంలో చూసుకోవాలి. లోపల నల్లరంగు వేసిన అట్ట.

తుప్పు విషయంలో మోడల్ కట్టేవాళ్లం అతి చేస్తాం. యుద్ధకాలపు ఓడ కదా అని హల్ అంతా గోధుమరంగు పులిమేస్తాం. జెరెమియా ఓబ్రయన్ అనే లిబర్టీ 33 ఏళ్లు రిజర్వు నౌకల మధ్య లంగరేసి ఉండి, 1979లో సొంత ఆవిరి ఇంజనుతో బయటికొచ్చింది. 1994లో ఫ్రాన్స్‌లోని నార్మండీ దాకా వెళ్లొచ్చింది కూడా. తుప్పు దాన్ని తినేయలేదన్నమాట. అందుకని లంగరు గొలుసు రంధ్రం కింద, డెక్కు నీళ్లు జారే చోట్ల మాత్రమే ఆయిల్ రంగుతో సన్నని చారలు గీస్తాను.

బూడిదరంగు ఇప్పుడే వేయడం లేదు. వానాకాలపు తేమలో లాకర్ (త్వరగా ఆరే థిన్నర్ రకం) రంగు తెల్లబారుతోంది. ఈలోగా డెర్రిక్ బూమ్‌లకు (సరుకు ఎత్తే పొడవాటి చేతులు) 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీలు కోసి, కొసలు సన్నగా అరగదీస్తున్నాను. కిట్‌లోని ప్లాస్టిక్ బూమ్‌లు దారం బిగించగానే వంగుతున్నాయి.